ఆరు పడకలున్న ఆర్‌వీలో ఆరుగురు వెళ్లవచ్చా? బరువు, కరెంటు, నీళ్ల లెక్కలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వేసవి సెలవుల మాట మొదలైతే, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్న ఏడాది, ఆర్‌వీ (పడకలు, వంటగట్టు, బాత్రూమ్ లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేనియన్‌కో వెళ్దామన్న ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది. పెద్దవాళ్లకు దారిలో బాత్రూమ్ వెతుక్కునే ఇబ్బంది ఉండదు, పిల్లలకు ఆకలేసినప్పుడు ఇంత పెరుగన్నం కలిపి పెట్టవచ్చు, ఊరూరా రెండేసి హోటల్ గదులు తీసుకునే పని తప్పుతుంది. ఈ ఆశల్లో తప్పేమీ లేదు. చిక్కంతా అద్దె ప్రకటనల దగ్గర వస్తుంది. అక్కడ అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనబడేది ‘ఆరుగురు పడుకోవచ్చు’ అన్న మాట. కొత్తవారు సహజంగానే దాన్ని చూసి బండి ఎంచుకుంటారు. అయితే ఆ బండి ఎంత బరువు మోయగలదు, ఒకేసారి ఎంత కరెంటు వాడుకోనిస్తుంది, ఎన్ని మంచినీళ్లు పట్టి ఎన్ని మురికినీళ్లు దాచుకోగలదు అన్న మూడు లెక్కలూ పడకల సంఖ్యతో నిమిత్తం లేకుండా నడుస్తాయి. ఆర్‌వీ ప్రయాణంలో కొత్తవారిని తికమక పెట్టే సంగతుల్లో చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒక దాని కిందికే వస్తాయి.

ఆర్‌వీ అంటే ఏయే బళ్లు

ఇంజిన్ ఉండి తానే నడిచేవి, వేరే వాహనం వెనక తగిలించి లాగేవి అని ఆర్‌వీలు రెండు తెగలు. మొదటి తెగవాటిని మోటర్‌హోమ్‌లంటారు. వీటిలో క్లాస్ ఏ అంటే బస్సంత బండి. క్లాస్ బీ అంటే వ్యాను లోపలే పడక, చిన్న వంటగట్టు అమర్చినది. క్లాస్ సీ అంటే డ్రైవర్ క్యాబిన్ నెత్తిన కూడా ఒక పడక ముందుకు పొడుచుకువచ్చి ఉండేది. పేర్లలోని అక్షరాలకు పరిమాణంతో వరస కుదరదు: ఏ అన్నిటికన్నా పెద్దది, బీ అన్నిటికన్నా చిన్నది, సీ మధ్యస్థం. కుటుంబాలు అద్దెకు తీసుకునేవి ఎక్కువగా క్లాస్ సీ బళ్లే. చాలా రాష్ట్రాల్లో 26,000 పౌండ్ల లోపు బండికి మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది. క్లాస్ సీలు దాదాపు అన్నీ ఆ హద్దుకు బాగా లోపలే ఉంటాయి.

రెండో తెగలో ట్రావెల్ ట్రెయిలర్, పికప్ ట్రక్కు వెనక తొట్టిలో బిగించిన హిచ్ అనే కొక్కానికి తగిలించే ఫిఫ్త్ వీల్, మడిచి తెరిచే పాప్‌అప్ వంటివి ఉన్నాయి. గమ్యం చేరాక ట్రెయిలర్‌ను క్యాంప్‌లో వదిలి కారులో తిరగవచ్చన్నది వీటిని ఇష్టపడేవారి వాదన. పాలకోసం వెళ్లాలన్నా ఇల్లంతా విప్పి కట్టుకుని బయల్దేరాలన్నది మోటర్‌హోమ్ మీద వారికున్న ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజముంది. నడుస్తున్న బండిలోంచే పెద్దవాళ్లు లేచి బాత్రూమ్‌కు వెళ్లగలగడం మోటర్‌హోమ్ వైపువారు చెప్పుకునే సుఖం. కానీ బండి కదులుతున్నప్పుడు సీటు బెల్టు విప్పి తిరగడం ప్రమాదం, చాలా చోట్ల చట్టవిరుద్ధం కూడా. కనుక ఆ సుఖం నిజానికి రోడ్డు పక్కన ఎక్కడైనా ఆపి వాడుకోగల సుఖమే. ఇక నడుస్తున్న ట్రావెల్ ట్రెయిలర్ లోపల మనుషులు కూర్చోవడాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి.

పడకలు, బెల్టులు, మోసే బరువు: మూడూ వేరు

ప్రతి మోటర్‌హోమ్ లోపల, సాధారణంగా తలుపు దగ్గర, ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో, సీటు బెల్టులున్న స్థానాలు ఎన్నో, మంచినీళ్ల ట్యాంకు నిండితే దాని బరువెంతో అందులో రాసి ఉంటుంది. ఈ స్టిక్కర్ అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం తప్పనిసరి. బండి మొత్తంగా తూగగల గరిష్ఠ బరువును జీవీడబ్ల్యూఆర్ అంటారు. అందులోంచి బండి సొంత బరువును, నిండు ఇంధనాన్ని, నిండు ప్రొపేన్ గ్యాస్‌ను తీసేయగా మిగిలేదే స్టిక్కర్ మీది అంకె. అంటే ఇంధనం లెక్కలో ముందే పోయింది; నీళ్లు మాత్రం పోలేదు, అవి సామాను కిందికే వస్తాయి. ఒక గాలన్ నీళ్లు సుమారు 8.34 పౌండ్లు తూగుతాయి.

ఉదాహరణకు స్టిక్కర్ మీద 1,500 పౌండ్లని రాసి ఉన్న ఒక క్లాస్ సీని తీసుకుందాం. భార్యాభర్తలు, ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు బయల్దేరారు. పెద్దలు నలుగురూ సగటున 160 పౌండ్లు, పిల్లలు చెరో 50 పౌండ్లు అనుకుంటే మనుషుల బరువే 740 పౌండ్లు. నలభై గాలన్ల మంచినీళ్ల ట్యాంకు నింపితే 334 పౌండ్లు. తలకు 25 పౌండ్ల చొప్పున బట్టల సంచులు 150. దుప్పట్లు, దిండ్లు 60. మడత కుర్చీలు, బల్ల, బొగ్గుల కుంపటి 60. బియ్యం, పప్పులు, పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్, తాగేనీళ్ల సీసాల కట్టలు కలిపి 120. మొత్తం 1,464 పౌండ్లయింది. ఇంకా 36 పౌండ్లే మిగిలాయి, ఇందులో ఎవరూ అనవసరమైనదేదీ ఎక్కించలేదు. ఇదే బండి వెనక రెండు సైకిళ్లు తగిలించినా హద్దు దాటుతుంది.

హద్దు దాటగానే బండి ఆగిపోదు కాబట్టే దీన్ని చాలామంది పట్టించుకోరు. టైర్లు అతిగా వేడెక్కడం, దిగుడు రోడ్డు మీద బ్రేకులు ఆలస్యంగా పట్టడం, ఇరుసు మీద భారం పెరగడం వంటివి నెమ్మదిగా జరుగుతాయి. టైరు పేలడం మాత్రం నెమ్మదిగా జరగదు. అనుమానం ఉన్నవారు హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ కాటా మీద బండిని తూయించుకుంటారు. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అన్నది విడివిడిగా రాసిన చీటీ చేతికిస్తారు.

ట్యాంకు నింపుకుని వెళ్లాలా, ఖాళీగా వెళ్లి అక్కడ నింపుకోవాలా అన్నదానిపై అనుభవజ్ఞుల్లోనే రెండు మాటలున్నాయి. నింపుకుంటే మూడు వందల పౌండ్లకు పైగా భారం, ఆమేరకు ఇంధనం ఖర్చు. ఖాళీగా వెళితే దారిలో బాత్రూమ్ వాడుకోలేరు, చేరిన చోట కుళాయి పాడైతే దిక్కు ఉండదు. కుళాయి ఉన్న క్యాంప్‌కు వెళ్లేవారు పావు వంతో మూడో వంతో నింపుకోవడం ఎక్కువగా కనబడే మధ్యేమార్గం.

బెల్టుల సంగతి దీనికన్నా సూటైనది. పడకలు ఆరున్నా బెల్టులు అయిదే ఉండవచ్చు. ఆరు బెల్టులున్నా వాటిలో రెండు పక్కకు తిరిగిన సోఫా మీద ఉండవచ్చు, పిల్లల కారుసీటును పక్కకు తిరిగిన సీటుకు బిగించకూడదు. భోజనబల్ల దగ్గరి బెంచీల్లో కొన్ని చెక్క చట్రం మీద నిలబెట్టినవి; వాటికి కారుసీటు కట్టడం ఎంతవరకు క్షేమం అన్నది అద్దెకిచ్చేవారినీ కారుసీటు తయారీదారు పుస్తకాన్నీ అడిగి తేల్చుకోవలసిన విషయం.

ట్రెయిలర్ లాగేవారికి లాగుడు శక్తి ఒక్కటే సరిపోదు

‘మా ఎస్‌యూవీ 7,700 పౌండ్లు లాగుతుంది, ట్రెయిలర్ 6,500 పౌండ్లే’ అన్న లెక్క సరైనదే కానీ సగం లెక్క. ట్రెయిలర్ ముందు కొన లాగే బండి మీద ఆనుతుంది. ఆ భారాన్ని టంగ్ వెయిట్ అంటారు. అది ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తక్కువైతే ట్రెయిలర్ వెనక భాగం హైవే మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అందుకని దాన్ని తగ్గించుకుని గట్టెక్కే వీలు లేదు.

పై ఎస్‌యూవీ డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో మనుషులూ సామానూ కలిపి 1,500 పౌండ్లు అని ఉందనుకుందాం. దీన్నే పేలోడ్ అంటారు. ట్రెయిలర్ బరువులో 13 శాతం అంటే 845 పౌండ్లు, హిచ్ పరికరం మరో 80. మిగిలింది 575. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు కలిపి 410 పౌండ్లైతే, డిక్కీలో సామానుకు 165 పౌండ్లు దక్కుతాయి. ఇప్పుడు తాతయ్య, నానమ్మ కూడా వచ్చి మూడో వరసలో కూర్చుంటే మరో 280 పౌండ్లు. డిక్కీలో ఒక్క సంచీ లేకుండానే పేలోడ్ దాటిపోయింది. లాగుడు శక్తిలో మాత్రం ఇంకా 1,200 పౌండ్ల ఖాళీ కనబడుతూనే ఉంది. అమ్మకాల దగ్గర పెద్దగా చెప్పే అంకె లాగుడు శక్తి, ముందుగా అయిపోయే అంకె పేలోడ్.

మరో మెలిక డ్రై వెయిట్ దగ్గర ఉంది. ప్రకటనల్లో ఇచ్చే ఆ బరువు నీళ్లు, సామాను లేని ఖాళీ ట్రెయిలర్‌ది. బ్యాటరీ, ప్రొపేన్ సిలిండర్లు కలిశాక, గిన్నెలూ దుప్పట్లూ చేరాక అది ఇట్టే వెయ్యి పౌండ్లు పెరుగుతుంది. కాబట్టి జాగ్రత్తపరులు డ్రై వెయిట్‌ను పక్కనపెట్టి, ట్రెయిలర్ జీవీడబ్ల్యూఆర్‌తోనే లెక్క వేస్తారు. మరీ అతి జాగ్రత్త అని దీన్ని విమర్శించేవారూ ఉన్నారు, ఎవరూ ట్రెయిలర్‌ను అంచుదాకా నింపరు కదా అన్నది వారి మాట. మొదటిసారి లాగేవారి విషయంలో నాకు ముందువారి పద్ధతే సబబనిపిస్తుంది.

ముప్పై యాంపుల కరెంటులో ఏవేవి కలిసి నడుస్తాయి

క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి స్థలం దగ్గరా నడుమెత్తు స్తంభం ఒకటి ఉంటుంది, దాన్ని పెడస్టల్ అంటారు. అందులోంచి తీసుకునే కరెంటు షోర్ పవర్. చిన్న, మధ్యస్థ ఆర్‌వీలకు 30 యాంపుల ప్లగ్, పెద్దవాటికి 50 యాంపుల ప్లగ్ ఉంటాయి. ఈ రెండిటి మధ్య తేడా 20 యాంపులే అనుకోవడం సహజం, కానీ కాదు. 30 యాంపుల ప్లగ్‌లో 120 వోల్టుల తీగ ఒక్కటే, అంటే 3,600 వాట్లు. 50 యాంపుల దానిలో అలాంటి తీగలు రెండు, ఒక్కొక్కటి 50 యాంపులు మోస్తుంది. మొత్తం 12,000 వాట్లు. తేడా మూడు రెట్ల పైమాటే.

మధ్యాహ్నం యూటాలోని మోయాబ్ ఎండలో 30 యాంపుల బండిలో వంట మొదలైందనుకుందాం. కప్పు మీది ఏసీ సుమారు 1,500 వాట్లు. రైస్ కుక్కర్ 600. ఇన్‌స్టంట్ పాట్ 1,000. బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్ 300. మొత్తం 3,400, గీతకు కొంచెం కింద. ఈలోగా ఎవరో పాలు వేడిచేద్దామని మైక్రోవేవ్ తలుపు వేసి మీట నొక్కారు. అది లాగేది మరో 1,500. బ్రేకర్ పడిపోతుంది, ఏసీతో సహా అన్నీ ఆగిపోతాయి. వాటర్ హీటర్‌ను ప్రొపేన్ మీద కాక కరెంటు మీద పెట్టి మరిచిపోతే అది ఒక్కటే చడీచప్పుడు లేకుండా 1,400 వాట్లు తినేస్తూ ఉంటుంది. బ్రేకర్ పదే పదే పడిపోతోందని స్తంభాన్ని అనుమానించే చాలా సందర్భాల్లో కారణం ఈ హీటరే. పైగా గంటల తరబడి ఎడతెగకుండా వాడే భారం బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతానికి మించకూడదన్నది విద్యుత్ పనుల్లో మామూలు సూత్రం. ఆ లెక్కన 30 యాంపుల బండికి నిలకడగా వాడుకోదగ్గది 2,900 వాట్ల లోపే.

స్తంభంలో ఉన్న కరెంటు నాణ్యత మరో సంగతి. అందరి ఏసీలూ నడిచే వేళ పాత క్యాంప్‌గ్రౌండ్లలో వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వోల్టేజీలో నడిచే ఏసీ కంప్రెసర్ కాలిపోయే అవకాశం ఉంది. స్తంభానికీ బండి తీగకూ మధ్య పెట్టే ఈఎంఎస్ పరికరం వోల్టేజీ హద్దు దాటితే కరెంటును తానే కట్ చేస్తుంది. మామూలు సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నట్టుండి పెరిగిన వోల్టేజీని ఆపుతుంది తప్ప తగ్గినదాన్ని పట్టించుకోదు.

ప్లగ్ లేని చోట ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు

హుకప్‌లు, అంటే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు, లేకుండా ఉండడాన్ని డ్రై క్యాంపింగ్ అంటారు, అదే ఊరికి దూరంగా ప్రభుత్వ భూముల్లో అయితే బూన్‌డాకింగ్. అప్పుడు బండికి ఉన్న కరెంటు 12 వోల్టుల బ్యాటరీదే. లైట్లు, నీళ్ల పంపు, గ్యాస్ అలారం, ఫర్నేస్ ఫ్యాన్ దాని మీద నడుస్తాయి. గోడ ప్లగ్గులు, మైక్రోవేవ్ నడవాలంటే ఇన్వర్టరో జనరేటరో ఉండాలి, ఏసీకి జనరేటర్ తప్పదన్నట్టే.

చలి రాత్రి లెక్క చూద్దాం. 100 యాంప్-అవర్ల (బ్యాటరీ సామర్థ్యానికి కొలత) సీసం బ్యాటరీలో ఆరోగ్యంగా వాడుకోదగ్గది సగం, అంటే 50. ఫర్నేస్ మంట ప్రొపేన్‌దే అయినా వేడిగాలిని తోసే ఫ్యాన్ గంటకు 7 యాంప్-అవర్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటల రాత్రిలో సగం సేపు నడిచినా 28. లైట్లు, పంపు, అలారాలకు మరో 10. తెల్లారేసరికి 50లో 38 పోయాయి. రెండో రాత్రి నడిజామున ఫర్నేస్ ఆగిపోతుంది, ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉండగానే. అంత గ్యాస్ ఉండి చలిలో వణకడమేమిటని కొత్తవారు నివ్వెరపోయేది ఇక్కడే. అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీలో తొంభై దాకా వాడుకోవచ్చు కాబట్టి రెండో రాత్రి కూడా గడుస్తుంది.

క్లాస్ సీ బళ్లలో జనరేటర్ లోపలే బిగించి ఉంటుంది, ఇంజిన్ ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది. ట్యాంకు పావు వంతుకు చేరేసరికి జనరేటర్‌కు ఇంధనం అందకుండా గొట్టాన్ని పైన పెడతారు, అడవిలో ఏసీ వేసుకుని పెట్రోలంతా కాల్చుకుని చిక్కుబడకుండా. అయితే జనరేటర్ ఉంది కదా అని ఎప్పుడంటే అప్పుడు వేయనివ్వరు. యోసెమిటీ నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 మధ్యే అనుమతి. రాత్రంతా కరెంటు పరికరంతో శ్వాస తీసుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క నిబంధనే క్యాంప్ ఎంపికను నిర్ణయిస్తుంది.

మూడు ట్యాంకులు, అందులో ముందు నిండేది

మంచినీళ్లు ఫ్రెష్ ట్యాంకులో, స్నానం, సింకు నీళ్లు గ్రే ట్యాంకులో, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులో. ఇంతవరకు తేలికే. మూడింట్లో ఏది ముందు చేతులెత్తేస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇంట్లో పది నిమిషాల స్నానానికి, నిమిషానికి రెండు గాలన్ల షవర్ కింద, ఇరవై గాలన్లు పోతాయి. ఆర్‌వీలో తడుపుకుని, కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్లీ తిప్పి కడుక్కునే పద్ధతిలో నాలుగు గాలన్లతో ముగించవచ్చు. నలుగురికి 16. గిన్నెలకు 5. ముఖం, చేతులు, పళ్లు 4. టాయిలెట్ ఇరవైసార్లు, సారికి అర గాలన్ చొప్పున 10. రోజుకు 35 గాలన్లు. నలభై గాలన్ల ఫ్రెష్ ట్యాంకు ఒక రోజు దాటి మరునాటి ఉదయానికి సరి. గ్రే ట్యాంకులోకి చేరింది 25, అది 35 గాలన్లదైతే ఒకటిన్నర రోజు. స్నానాలను క్యాంప్‌గ్రౌండ్ బాత్రూమ్‌లకు మళ్లిస్తే అదే నీళ్లు రెండు రోజుల పైన వస్తాయి.

మన ఇళ్లకు ప్రత్యేకమైన అంశం ఒకటుంది. కాగితం కాక నీళ్లు వాడే అలవాటు వల్ల టాయిలెట్ దగ్గర సారికి మరో పావు గాలన్ పోతుంది. రోజుకు అయిదు గాలన్లు ఎక్కువ. ముప్పై గాలన్ల బ్లాక్ ట్యాంకు మూడు రోజులకు బదులు రెండు రోజుల్లోనే నిండుతుంది. ఇది నష్టమే అనలేం. బ్లాక్ ట్యాంకుకు అసలు శత్రువు నీళ్ల కొరత. పూర్తి హుకప్ ఉన్న చోట మురుగు గొట్టం తగిలించి, బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచితే నీళ్లన్నీ ఎప్పటికప్పుడు జారిపోయి, గట్టి పదార్థం మాత్రం టాయిలెట్ కింద గుట్టలా పేరుకుని ఎండిపోతుంది. అందుకే మూడింట రెండు వంతులు నిండేదాకా వాల్వ్ మూసి ఉంచి, ఒక్కసారిగా వదులుతారు. ముందు బ్లాక్, తర్వాత గ్రే అన్న వరస కూడా గొట్టాన్ని సబ్బునీళ్లతో కడగడానికే.

మన వంట గ్రే ట్యాంకుకు పరీక్ష పెడుతుంది. నెయ్యి, నూనె, పులుసు మిగులు సింకులో పోస్తే గొట్టాల్లో పేరుకుంటాయి, ఎండకు కంపు కొడతాయి, ట్యాంకు ఎంత నిండిందో చెప్పే సెన్సర్లకు అంటుకుని ఖాళీ ట్యాంకును కూడా నిండినట్టు చూపిస్తాయి. గిన్నెను ముందు కాగితంతో తుడిచి, ఆ తర్వాత కడిగేది ఇందుకే. ఇక ఎండుమిర్చి, ఇంగువతో పోపు వేశారంటే, ఆ ఇరుకు గదిలో కప్పు కింది పొగ అలారం ఒకటి రెండు నిమిషాల్లో చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. కొందరు విసుగెత్తి అలారం బ్యాటరీ తీసేస్తారు. ప్రొపేన్ పొయ్యి, ఫర్నేస్, జనరేటర్ ఉన్న అంత చిన్న చోట అది ప్రాణాలతో చెలగాటం. కప్పు వెంట్ తెరిచి ఫ్యాన్ వేయడమో, పోపు పనిని బయట బల్ల మీది చిన్న పొయ్యికి మార్చడమో దీనికి మందు.

ఎక్కడ ఆగవచ్చు, ఏ దారిన వెళ్లవచ్చు

కరెంటు, నీళ్లు, మురుగు మూడూ ఉంటే ఫుల్ హుకప్, కొన్నే ఉంటే పార్షియల్. ప్రైవేటు ఆర్‌వీ పార్కుల్లో ఫుల్ హుకప్ మామూలు. నేషనల్ పార్కుల లోపల మాత్రం అరుదు. ఎల్లోస్టోన్‌లో ఫుల్ హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ ఒక్కటే, ఎలుగుబంట్ల వల్ల అక్కడ గట్టి గోడలున్న బళ్లనే రానిస్తారు. గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్‌లో ట్రెయిలర్ విలేజ్‌లో హుకప్‌లున్నాయి. దగ్గర్లోనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేవు, బండి పొడవు 30 అడుగులు దాటకూడదు కూడా. యోసెమిటీలో హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఒక్కటీ లేదు. మరోవైపు పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ సంస్థ) భూముల్లో చాలాచోట్ల డబ్బు కట్టకుండా ఒకే చోట సాధారణంగా 14 రోజుల దాకా ఉండవచ్చు. నీళ్లు, కరెంటు, చెత్తబుట్ట ఏదీ ఉండదు. మొదటి ప్రయాణానికి హుకప్ ఉన్న చోటే మేలని కొందరు, హుకప్ మీద ఆధారపడితే ట్యాంకుల సంగతి ఎప్పటికీ తెలియదని కొందరు అంటారు. వయసు మళ్లినవారు వెంట ఉన్నప్పుడు మొదటి మాటకే బలం ఎక్కువ.

దారిలో హద్దులు పార్కు గేటు దగ్గర తెలిస్తే ఆలస్యమైనట్టే. గ్లేసియర్ పార్కులోని గోయింగ్ టు ద సన్ రోడ్‌లో అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్, రైజింగ్ సన్ పిక్నిక్ ఏరియా మధ్య 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండిని అనుమతించరు. కుటుంబాలు అద్దెకు తీసుకునే క్లాస్ సీలు మామూలుగా 25 నుంచి 30 అడుగులు. యూటాలోని జాయన్ పార్కులో 1930లో ప్రారంభమైన మౌంట్ కార్మెల్ సొరంగం గుండా 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బళ్లను చాలాకాలం రుసుము తీసుకుని, ఎదుటి వాహనాలను ఆపి మరీ పంపేవారు. 2026 వేసవి నుంచి అలాంటి పెద్ద బళ్లను వేరే దారికి మళ్లిస్తామని పార్కు ప్రకటించింది. క్లాస్ సీ వెడల్పు చాలావరకు 8 అడుగులకు తక్కువ ఉండదు. మామూలు కార్లకోసం చేసిన మ్యాపు యాప్‌లకు బండి ఎత్తు తెలియదు, న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేల మీది పొట్టి వంతెనల కిందికి కూడా అవి నిక్షేపంగా దారి చూపిస్తాయి.

ఖర్చు తగ్గుతుందా పెరుగుతుందా

హోటళ్లకన్నా ఆర్‌వీ చవక అన్నది ఒక వాదం, అసలు లెక్క తెలియనివారే అలా అంటారన్నది ఎదుటి వాదం. ఎంతమంది వెళ్తున్నారన్నదాన్ని బట్టి రెండూ నిజమే. ఊహించిన అంకెలతో ఏడు రాత్రుల, 1,200 మైళ్ల ప్రయాణం చూద్దాం. అద్దె రాత్రికి 180 డాలర్ల చొప్పున 1,260. మైలుకు 40 సెంట్ల చొప్పున 480. చాలా కంపెనీలు మైళ్లకు, జనరేటర్ గంటలకు వేరుగా వేస్తాయి. గాలన్‌కు 9 మైళ్లు వచ్చే బండికి, గాలన్ 4 డాలర్ల చొప్పున పెట్రోలు 533. క్యాంప్ స్థలం రాత్రికి 55 చొప్పున 385. బీమా, బండిని సిద్ధం చేసి ఇచ్చే రుసుము 250. వంట సరుకులు 300. మొత్తం సుమారు 3,200 డాలర్లు.

అదే కారులో ఆరుగురు వెళితే రాత్రికి 150 డాలర్ల గదులు రెండు, ఏడు రాత్రులకు 2,100. పెట్రోలు 192. మనిషికి రోజుకు 30 చొప్పున బయటి భోజనం 1,260. మొత్తం 3,550. ఆర్‌వీ మూడున్నర వందలు చవక. నలుగురే అయితే ఒక గది 1,050, భోజనం 840, పెట్రోలు 192, మొత్తం 2,082. ఆర్‌వీ ఖర్చులో వంట సరుకులు కాస్త తగ్గడం తప్ప మరేదీ తగ్గదు కాబట్టి ఈసారి అది వెయ్యి డాలర్ల పైన ఎక్కువ. పెద్దవాళ్లు బయటి తిండి తినలేకపోవడం, పిల్లలు చలిమంట ముందు కూర్చోవడం వంటివాటికి ఎవరి విలువ వారు కట్టుకోవలసిందే.

ఒకటి రెండు సార్లు అద్దెకు తిరిగాక కొనాలన్న ఆలోచన వస్తుంది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికే బళ్లలో కోవిడ్ కాలపువి చాలా ఉన్నాయి: 2021లో తయారీదారులు డీలర్లకు పంపిన ఆర్‌వీలు 6 లక్షలు, అది రికార్డు, 2023కు ఆ సంఖ్య 3.13 లక్షలకు పడిపోయింది. ఆ హడావుడి రోజుల్లో తయారైన బళ్లలో పనితనం తగ్గిందని చాలామంది యజమానులు అంటారు, జాగ్రత్తగా తయారైనవి అప్పుడూ ఉన్నాయని అమ్మేవారు అంటారు. రెండు వాదాలకూ అతీతంగా చూడదగ్గది టైరు. ఏడాదిలో కొన్ని వారాలే తిరిగే ఆర్‌వీ టైరు అరగకుండానే ముసలిదవుతుంది, పైకి గాడులు కొత్తగా ఉన్నా లోపలి రబ్బరు ఎండి చీలుతుంది. టైరు పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. ఆర్‌వీ టైర్లను అయిదు నుంచి ఏడేళ్లలో మార్చాలన్నది చాలామంది చెప్పే మాట కాబట్టి, ఆ అంకె కనబడ్డ ట్రెయిలర్ బేరంలో నాలుగు కొత్త టైర్ల ధర కూడా కలిపి చూసుకోవలసి ఉంటుంది.